ఎఫ్ జాజ్ బ్లూస్ మీద నెల రోజుల ఛాలెంజ్: రూల్స్ ఎలా పెట్టుకోవాలి?

తీగలాగుడు:
మేం నలుగురం. ఇద్దరు హైదరాబాద్, ఒకరు విశాఖ, ఒకరు డాలస్. గిటార్ మీద రాక్, సినిమా పాటలు అందరం బాగానే వాయిస్తాం, మైనర్ పెంటాటానిక్ (ఐదు స్వరాల స్కేల్) అందరికీ చేతిలో ఉంది. జాజ్‌లో సోలో వాయించడం నేర్చుకుందామని నెల రోజులు సరదా ఛాలెంజ్ అనుకున్నాం. వారానికి ఒక రికార్డింగ్, ట్యూన్ ఎఫ్‌లో జాజ్ బ్లూస్. టెంపో ఎంత, ఎన్ని కోరస్‌లు (12 బార్ల చుట్లు), ఏ వారం ఏం చేయాలి? చివర్లో తలా నాలుగు బార్లు పంచుకుని వాయించాలని ఉంది, ఆన్‌లైన్‌లో కుదురుతుందా? గెలుపు ఓటములు వద్దు. అలాగని ఏది పెట్టినా "సూపర్ బ్రో" అనేసి వదిలేయడమూ వద్దు.

షెల్‌కార్డ్:
ముందు నలుగురూ ఒకే కార్డ్‌లు రాసి పెట్టుకోండి. జాజ్ బ్లూస్‌కి బోలెడు రకాలున్నాయి. ఒకరు ఎనిమిదో బార్‌లో డీ7 అనుకుని, ఇంకొకరు ఎఫ్7 మీదే ఉండిపోతే ఒకరి సోలో గురించి ఇంకొకరు మాట్లాడలేరు. నేనైతే ఇది పెడతాను (ఒక్కో గడి ఒక బార్):

ఎఫ్7 | బీ ఫ్లాట్7 | ఎఫ్7 | సీ మైనర్7, ఎఫ్7
బీ ఫ్లాట్7 | బీ డిమినిష్డ్ | ఎఫ్7 | ఏ మైనర్7, డీ7
జీ మైనర్7 | సీ7 | ఎఫ్7, డీ7 | జీ మైనర్7, సీ7

టెంపో 100 (నిమిషానికి 100 బీట్లు) చాలు. 12 బార్లంటే 48 బీట్లు, సుమారు 29 సెకన్లు. మూడు కోరస్‌లు వాయించినా నిమిషంన్నర లోపే అయిపోతుంది. అంతకు మించనివ్వకండి, నాలుగో కోరస్ నుంచి వేళ్లకి అలవాటైనవే మళ్లీ వస్తాయి.

మొదటి వారం లిక్స్ (ముందే నేర్చుకున్న రెడీమేడ్ ముక్కలు) పూర్తిగా బంద్. ప్రతి కార్డ్‌లో మూడో స్వరం, ఏడో స్వరం మాత్రమే, అదీ నాలుగో తీగ, మూడో తీగ మీదే. ఎఫ్7కి నాలుగో తీగ 7వ ఫ్రెట్, మూడో తీగ 8వ ఫ్రెట్. రెండూ ఒక ఫ్రెట్ కిందికి జరిపితే బీ ఫ్లాట్7, ఒక ఫ్రెట్ పైకి జరిపితే సీ7. బీ డిమినిష్డ్‌కి బీ ఫ్లాట్7 దగ్గరున్న వేళ్లు కదపక్కర్లేదు, మారేది బేస్ ఒక్కటే. సీ మైనర్7కి రెండు తీగలూ 8వ ఫ్రెట్, అక్కడి నుంచి నాలుగో తీగ ఒక ఫ్రెట్ తగ్గితే ఎఫ్7. జీ మైనర్7కి 8, 10. ఏ మైనర్7కి 10, 12. డీ7కి 10, 11. మొత్తం బ్లూస్ 6 నుంచి 12వ ఫ్రెట్ మధ్యలోనే అయిపోతుంది. మొదటి కోరస్ రెండు స్వరాలూ కలిపి, రెండో కోరస్ ఒక్కో స్వరంగా, మూడో కోరస్ మీకు నచ్చిన రిథమ్‌తో.

పెంటాటానిక్ వాళ్లు ఇరుక్కునేది ఎనిమిదో బార్‌లోనే. డీ7ని డీ7 చేసేది ఎఫ్ షార్ప్, అది ఎఫ్ మైనర్ పెంటాటానిక్‌లో లేదు. వాయించింది తప్పుగా ఏమీ అనిపించదు, కానీ కార్డ్ మారిన సంగతి వినేవాడికి తెలియదు. బ్యాకింగ్ ట్రాక్ ఆపేసి సోలో ఒక్కటే వినండి. అప్పుడూ ఎనిమిదో బార్ ఎక్కడొచ్చిందో చెప్పగలిగితే మొదటి వారం పాస్.

హరికాంభోజి:
చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం విన్నవాళ్లకి ఇంకో చిక్కు కూడా ఉంటుంది. చెవి ఎఫ్‌ని షడ్జమంగా పట్టుకుని 12 బార్లూ దాన్ని వదలదు. వదలక్కర్లేదు కూడా, ఆ అలవాటునే వాడుకోండి. ఎఫ్ షడ్జమం అనుకుంటే ఎఫ్7 మీద హరికాంభోజి రాగం స్వరాలు సరిపోతాయి: అంతర గాంధారం, కైశికి నిషాదం. బీ ఫ్లాట్7 రాగానే గాంధారం ఒక ఫ్రెట్ తగ్గి సాధారణ గాంధారం అవుతుంది. డీ7 మీద శుద్ధ రిషభం (అదే ఎఫ్ షార్ప్) వస్తుంది. ముందు ఈ మార్పులని గిటార్ లేకుండా గొంతుతో పాడండి. పాడలేని చోట వేళ్లు కూడా తడబడతాయి.

గమకాల దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త. కార్డ్ మారే మొదటి బీట్ మీద గాంధారాన్ని ఊపితే అది అంతరమా సాధారణమా తేలదు, ఛాలెంజ్ అంతా ఆ తేడా మీదే ఉంది. అక్కడ స్వరం నిటారుగా నిలబడాలి. బెండ్‌లు, జారుళ్లు ఫ్రేజ్ మధ్యలో ఎన్నైనా వేసుకోండి.

షెల్‌కార్డ్ గారూ, మొదటి వారానికి 100 కూడా ఎక్కువే. సీ మైనర్7, ఎఫ్7 ఒకే బార్‌లో మారే చోట కొత్తవాళ్లకి ఊపిరాడదు. 80తో మొదలెట్టనివ్వండి.

షెల్‌కార్డ్:
80 అంటే స్వింగ్‌లో (ప్రతి బీట్‌నీ ఒక పొడుగు, ఒక పొట్టి స్వరంగా విడగొట్టే నడక) ఖాళీ మరీ సాగిపోతుందండి, టైమ్ నిలబెట్టడం ఇంకా కష్టం. సాధన 80లో, రికార్డింగ్ 100లో అందాం. మెట్రోనోమ్ 50కి పెట్టి ఆ క్లిక్‌ని రెండు, నాలుగు బీట్లుగా లెక్కపెట్టాలి. మధ్యలో అది ఒకటి, మూడు అయిపోతుంటే నెమ్మదిగా వాయించి లాభం లేదు, ముందు గిటార్ పక్కనపెట్టి చప్పట్లతో 12 బార్లు లెక్కపెట్టండి.

రెండో వారం ఒక నాలుగు స్వరాల ముక్క తీసుకుని, దాన్నే కార్డ్‌కి తగ్గట్టు మారుస్తూ ఒక కోరస్ అంతా నడపండి. మూడో వారం లక్ష్య స్వరాన్ని పైనుంచి, కిందనుంచి చుట్టి పట్టుకోవడం. ఉదాహరణకి పదో బార్‌లో సీ7కి మూడో స్వరం ఈ, అంటే మూడో తీగ 9వ ఫ్రెట్. తొమ్మిదో బార్ నాలుగో బీట్‌లో 10, 8 వాయించి, పదో బార్ మొదటి బీట్‌కి సరిగ్గా 9 మీద దిగాలి. అందరూ చేసే పొరపాటు ఆ 10, 8 ఒకటో బీట్ మీద మొదలెట్టడం. అప్పుడు 9 ఆలస్యంగా వచ్చి, పక్క స్వరాలే గట్టిగా వినబడతాయి.

కేబుల్‌రాజు:
రికార్డింగ్ సంగతి నేను చెప్తా. బ్లూటూత్ హెడ్‌ఫోన్ వద్దు, వైరు ఉన్నదే వాడండి. బ్లూటూత్‌లో 150 నుంచి 250 మిల్లీసెకన్ల ఆలస్యం మామూలే. 100 టెంపోలో ఒక బీట్ 600 మిల్లీసెకన్లు, స్వింగ్‌లో వెనకొచ్చే చిన్న స్వరం సుమారు 200. అంటే సరిగ్గా వాయించినా రికార్డింగ్‌లో ఒక స్వరం అంత వెనకబడతారు, "నీ టైమ్ బాలేదు" అని అనవసరంగా మాట పడతారు.

ట్రాక్ ఐరియల్ ప్రోలో (కార్డ్‌లు రాస్తే బ్యాకింగ్ వాయించే యాప్) చేసుకుంటే పియానో వాల్యూమ్ సున్నా చేసి బేస్, డ్రమ్స్ ఉంచుకోవచ్చు. ఫైల్ వాట్సాప్‌లో పంపేటప్పుడు ఆడియోగా కాక డాక్యుమెంట్‌గా పెట్టండి, అప్పుడే ఉన్నదున్నట్టు వెళ్తుంది.

హైదరాబాద్, డాలస్ మధ్య లైవ్‌గా నాలుగేసి బార్లంటే మర్చిపోండి, ఆ దూరానికి ఆలస్యం తప్పదు. ఫైల్ ఒకరి నుంచి ఒకరికి పంపుకోండి. మీరు నలుగురు కావడం కలిసొచ్చింది. నాలుగు కోరస్‌లంటే 48 బార్లు, అంటే నాలుగు బార్ల వాటాలు 12, తలా మూడు. మొదటివాడికి మొదటి కోరస్‌లో 1–4 బార్లు, రెండో కోరస్‌లో 5–8, మూడో కోరస్‌లో 9–12 వస్తాయి. మిగతా ముగ్గురికీ ఇలాగే 12 బార్ల ఫారమ్‌లోని మూడు భాగాలూ ఒక్కోసారి దక్కుతాయి. ముగ్గురే ఉండుంటే ఒక్కొక్కరు ఎప్పుడూ ఒకే భాగంలో ఇరుక్కునేవారు.

తీగలాగుడు:
వాటాల లెక్క భలే ఉంది. కామెంట్లకి ఏదైనా రూల్? ఇంకోటి, నా వాటా కంటే ముందే ఫ్రేజ్ మొదలెట్టొచ్చా?

షెల్‌కార్డ్:
కామెంట్‌లో సెకను చెప్పాలి, బార్ చెప్పాలి, ఏం వినబడిందో చెప్పాలి. "0:19, ఎనిమిదో బార్, ఎఫ్ షార్ప్ రాలేదు" అంటే సరి. మెచ్చుకున్నా ఇదే లెక్క.

రెండు బీట్ల ముందు నుంచి ఎత్తుకోవచ్చు. అందుకే ప్రతి ఒక్కరూ తమ నాలుగో బార్‌లో చివరి రెండు బీట్లు ఖాళీగా వదలాలి. ఇదొక్కటీ అందరూ మర్చిపోతారు, కాబట్టి గ్రూప్ డిస్క్రిప్షన్‌లో పెట్టేయండి.