‘ఫస్ట్ లవ్’ సీడీ: 1999 నాటిది కొనాలా, 2014 రీమాస్టర్ కొనాలా?

మేడమీది రేడియో
2022లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన జపనీస్ ధారావాహిక చూసి జపాన్ పాప్ గాయకులు ఉతాడా హికారు పాటల్లో పడిపోయాను. ‘ఫస్ట్ లవ్’ ఆల్బమ్ సీడీ కొనాలని ఉంది. పాతది మంచిదా, పదిహేనేళ్ల సందర్భంగా 2014లో ధ్వని మెరుగుపరచి తెచ్చిన రీమాస్టర్ మంచిదా? భాష రాకుండా వింటే ఎంత పోగొట్టుకుంటాను? జపాన్ నుంచి తెప్పించుకున్నవారు కస్టమ్స్ సుంకం ఎంత పడిందో కూడా చెప్పండి.

కవాసకి కబుర్లు
ముందు పేరు సరిచేయండి. ఉతాడా కాదు, ఉతద. అక్కడ పలికేది మన ‘ద’యే. మన లిపిలో అంత చక్కగా రాయగలిగిన పేరును ఇంగ్లిషు అక్షరాలు చూసి ఎందుకు పాడుచేయాలి?

సీడీ సంగతికి వస్తే, జపాన్‌లోనే 76 లక్షలకు పైగా అమ్ముడుపోయిన ఆల్బమ్ అది. ఇప్పటికీ ఇక్కడ అమ్మకాల్లో దాన్ని మించినది లేదు. అందుకే ఇక్కడి పాత సీడీల దుకాణాల్లో అన్నిటికన్నా చవక అరలో ఎప్పుడూ కనిపిస్తుంది. నాది అలా దొరికిందే. సీడీ పెట్టె వెన్నుకు చుట్టే కాగితపు పట్టీ, ఒబి అంటారు, మడత దగ్గర కూడా చిరగలేదు. లోపలి పుస్తకంలో ‘ఇన్ మై రూమ్’ పక్కన ఎవరో పెన్సిలుతో చిన్న చుక్క పెట్టుకున్నారు. నేను చెరపలేదు.

పాత సీడీల పెట్టె
చవక కదా అని కొనేయమనకండి. ‘గీతలు లేవు’ అన్న మాట నమ్మి ఆన్‌లైనులో తెప్పించాను. ఏడో పాట ‘నెవర్ లెట్ గో’ రాగానే గిటారు దగ్గరే ఆగి ఆగి పాడింది. ఇంగ్లిషు గాయకుడు స్టింగ్ పాటలోని గిటారును తీసుకుని దాని చుట్టూ అల్లిన పాట అది. ఆ గిటారే తెగిపోతే ఇంకేం వినాలి? అడిగితే, తిరిగి పంపే ఖర్చు నేనే పెట్టుకోవాలన్నారు. డబ్బు కట్టే ముందు సీడీని దీపం కింద ఏటవాలుగా పట్టి తీసిన ఫొటో అడగండి.

అయుమి పక్షం
76 లక్షలు, 76 లక్షలు! ఎన్నిసార్లు వినాలి? 2001 మార్చి 28న మరో జపాన్ పాప్ గాయని హమసాకి అయుమి ‘ఎ బెస్ట్’, ఉతద ‘డిస్టెన్స్’ ఆల్బములు ఒకే రోజు విడుదలై పోటీ పడ్డాయి. ఆ రోజుల గురించి మాట్లాడేవారే లేరు.

స్వరజతి
అమ్మకాలు పక్కన పెట్టండి. నేను పదహారేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను, పదేళ్లుగా నేర్పుతున్నాను. ఈ ఆల్బమ్‌లో మొదటి పాట ‘ఆటోమాటిక్’, దాని మొదటి వాక్యంలోనే పదం నడుమ విరుపు ఉంది. ‘ననకైమె’ అంటే ఏడోసారి, అది ఒకే పదం. ‘న’ అని ఆపి, ‘నకైమె’ అని మళ్లీ ఎత్తుకోవడం ఏమిటి? నా దగ్గర పిల్లలు అలా పాడితే ఒప్పుకోను.

కవాసకి కబుర్లు
అది తెలియక చేసిన విరుపు కాదు. మాటలు రాసిందీ బాణీ కట్టిందీ పాడిన మనిషే. 1998 డిసెంబరు 9న ఆ పాట వచ్చేనాటికి వయసు 15. న్యూయార్కులో పుట్టి, రెండు భాషల మధ్య పెరిగిన చెవి అది. ఆర్ అండ్ బి అనే అమెరికన్ పాటల శైలి నడకలో తాళం ఎక్కడ బరువు అడిగితే అక్కడ అక్షరం పడింది. ఆ తర్వాత వచ్చే ‘బెరు’, అంటే ఫోను గంట, కూడా అంతే, ‘బె’ ఒకచోట, ‘రు’ మరోచోట. ఫోను ఏడోసారి మోగేదాకా ఎదురుచూసిన మనిషి ఊపిరి అలా తడబడదా?

స్వరజతి
ఊపిరి పేరు చెప్పి ఏ తప్పునైనా సమర్థించవచ్చు. తెలుగు రానివారు త్యాగరాజ కీర్తనల్లో పదాలు విరిస్తే బాధపడేది మనం కాదా?

పూతరేకు
పోలిక కుదరలేదండీ. అక్కడ మరొకరు రాసిన మాటకు అర్థం చెడుతుంది. ఇక్కడ సొంత మాటను సొంత బాణీలో కూర్చుకున్నారు. ప్రతి పాటనూ మీ ముందు కూర్చున్న శిష్యురాలిగా చూడకండి.

ఈ గొంతు వెనుక ఇంకో గొంతు ఉంది, దాన్ని ఎవరూ తలుచుకోలేదు. ఉతద తల్లి ఫుజి కేకో పెద్ద ఎంకా గాయని. ఎంకా అంటే జపాన్‌లో విషాదం నిండిన పాతకాలపు పాటల శైలి. 1970లో ఆమె మొదటి రెండు ఆల్బములు కలిపి వరసగా 37 వారాలు జపాన్ అమ్మకాల పట్టిక ఒరికాన్‌లో మొదటి స్థానంలో నిలిచాయి. ‘ఫస్ట్ లవ్’ పాటలో గొంతు సన్నగా వణికే చోట నాకు ఆ తల్లే వినిపిస్తుంది. 2013లో ఆమె పోయాక చాలాకాలం ఆ పాట పెట్టుకోలేకపోయాను.

స్వరజతి
నేను అన్నది ఒక్క వాక్యం గురించి. ఆల్బమ్ మొత్తాన్ని కొట్టిపారేసినట్టు మాట్లాడుతున్నారు. ‘ఫస్ట్ లవ్’ పాట విని కళ్లనీళ్లు పెట్టుకున్నదాన్ని నేను.

నీలిగన్నేరు
‘శిష్యురాలు’ అన్నారు కాబట్టి చెబుతున్నాను. తాము నాన్‌బైనరీ అని, అంటే ఆడ, మగ అన్న విభజనలో ఇమడనివారమని, ఉతద 2021లో చెప్పారు. ‘పాడారు’, ‘రాశారు’ అంటే చాలు, ఎవరికీ ఇబ్బంది ఉండదు. తెలుగులో ఆ వీలు ఉంది, వాడుకుందాం.

పూతరేకు
నిజమే, పొరపాటు నాది. సరిచేసుకుంటాను.

పాత సీడీల పెట్టె
2014 డీలక్స్ పెట్టె దొరికితే వదలకండి. 1999 నాటి ‘లవ్ లైవ్’ ప్రదర్శన డీవీడీ ఉంటుంది. పాటలు మాత్రం నేను ఇప్పటికీ పాత సీడీలోనే వింటాను.

మేడమీది రేడియో
పాతదే తీసుకుంటున్నాను. దీపం కింద తీసిన ఫొటో అడిగాను, రేపు పంపుతామన్నారు. ‘న’ దగ్గర ఆగడం నిన్నటి దాకా నా చెవిన పడనే లేదు. ఈ రోజు బస్సులో ఆ ఒక్క వాక్యమే మళ్లీ మళ్లీ పెట్టుకుని విన్నాను, నాకైతే ఆ ఆగిన చోటే నచ్చింది. కస్టమ్స్ సుంకం సంగతి ఎవరైనా చెప్పండి, దయచేసి.