గ్రే చిలక బొమ్మ ఊడదీసింది, జీఐ వైరుతో కట్టొచ్చా?

ప్రశ్న:
మా ఆఫ్రికన్ గ్రేకి గింజలు దాచి పెట్టే అక్రిలిక్ చక్రం కొన్నా, పన్నెండొందలు అయింది, నెల తిరక్కుండానే మధ్యలో నట్టు ముక్కుతో తిప్పి తిప్పి ఊడదీసి కింద పడేసింది. ఇంట్లో జీఐ వైరు ఉంది, దాంతో కట్టేస్తే సరిపోతుందా లేక వేరేది కొనాలా?

జవాబు:
జీఐ వైరు మాత్రం వద్దు బ్రో, దాని మీద జింకు పూత ఉంటుంది, కొరికి మింగితే పిట్టకి విషం. హార్డ్‌వేర్ షాపులో స్టెయిన్‌లెస్ బోల్టు, నైలాక్ నట్టు అడుగు. లోపల నైలాన్ రింగు పట్టేసి ఉంటుంది కాబట్టి ముక్కుతో అంత తేలిగ్గా తిరగదు.

జవాబు:
చక్రం అంచు కూడా చూసుకోండి, పగులుంటే పారేయడమే. నేనైతే ఖరీదైనవి మానేశానండి. ఎండు కొబ్బరి చిప్పకి రెండు కన్నాలు పెట్టి తోలు తాడుతో వేలాడదీసి, మొక్కజొన్న పొట్టులో రెండు గింజలు చుట్టి కుక్కుతా, మా దానికి అరగంట పని. చిప్ప నెలలు ఆగుతుంది, పొట్టు రోజూ కొత్తది. కాటన్ తాడు మాత్రం పీచు లేస్తే కాలికి చుట్టుకుంటుంది, జాగ్రత్త.

ప్రశ్న వేసింది నేనే:
నైలాక్ బిగించా అన్నా, ఆగింది. ఇప్పుడు చిలక పైన గొలుసు లింకు నట్టు విప్పే పనిలో పడింది 😂

జవాబు:
ఆ లింకు నట్టుని చేత్తో కాదు, పానాతో బిగించు.