అప్‌డేట్: ప్రార్థన రావడం లేదని అడిగాను కదా

మూడు నెలల క్రితం ఇక్కడ అడిగాను, ఉద్యోగం పోయింది, నాన్నకు ఒంట్లో బాగాలేదు, మోకరిస్తే ఒక్క మాట కూడా రావడం లేదు, నా విశ్వాసం చచ్చిపోయిందా అని. అప్పుడు ఒకరు బైబిల్లోని 13వ కీర్తన పైకి చదవమన్నారు. ఉన్నవి ఆరు వచనాలే. "యెహోవా, ఎన్నాళ్లవరకు" అని దావీదు దేవుణ్ణి నిలదీసి అడుగుతుంటే నాకు ఏడుపు ఆగలేదు, ఎందుకంటే అలా అడగడం పాపమనుకుని ఇన్నాళ్లూ నోరు నొక్కుకుని కూర్చున్నాను.

ఇంకా ఎక్కువ పట్టుకున్నది ఏలీయా ప్రవక్త కథ, బైబిల్లో 1 రాజులు 19వ అధ్యాయం. ఆయన చెట్టు కింద పడుకుని ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు తిట్టలేదు, ప్రసంగం చెయ్యలేదు. దేవదూత తట్టి లేపి రొట్టె, నీళ్లు పెట్టాడు, ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు, దూత రెండోసారి కూడా అలాగే లేపి తినమన్నాడు. నేను రెండు రోజులకోసారి తింటూ, నిద్రలేకుండా, నాది ఆత్మీయ సమస్యే అనుకున్నాను! ఇప్పుడు వేళకు తింటున్నాను, డాక్టర్‌ని కూడా కలిశాను (దయచేసి మీరూ సిగ్గుపడకండి).

ఉద్యోగం ఇంకా రాలేదు. నాన్న అలాగే ఉన్నారు. కానీ రాత్రి మందులేశాక ఆయన చెయ్యి పట్టుకుని ఆ ఆరు వచనాలూ చదువుతాను, నిన్న చివరి వచనం ఆయనే నాతో కలిసి మెల్లగా పలికారు.