లోతు మంచు కోసం స్లెడ్ ట్రాక్: లగ్గులు కోయాలా, ట్రాకే మార్చాలా?

లోతుమంచు
నా స్లెడ్‌కి (స్నోమొబైల్‌కి) ఉన్నది 154 అంగుళాల ట్రాక్ (కింద తిరిగే రబ్బరు పట్టా), వెడల్పు 15. లగ్ (ట్రాక్ మీది రబ్బరు తెడ్డు) ఎత్తు 2 అంగుళాలు, పిచ్ (వరుసకీ వరుసకీ దూరం) 2.86. మోకాలి లోతు వరకు ఇబ్బంది లేదు. తొడల దాకా ఉన్న పొడిమంచులోకి దిగితే మాత్రం వెనక భాగం తవ్వుకుంటూ కిందికి పోతుంది, స్కీలు ఆకాశం చూస్తాయి, ఆ తర్వాత నా పని పారతో. ఇంజిన్‌కి టర్బో లేదు.

రెండు ఆలోచనలున్నాయి. తెలిసినాయన దగ్గర 163 పొడవు, 3 అంగుళాల లగ్‌తో వాడిన ట్రాక్ ఒకటుంది, అది ఎక్కించడం. లేదా ఉన్న ట్రాక్ మీదే వరుస విడిచి వరుస లగ్గులు కోసేయడం. దానివల్ల బరువు తగ్గుతుందని, మంచు ఇరుక్కోకుండా బయటికి పోతుందని అంటున్నారు. ఎటు పోవాలో తేలడం లేదు. కోసినవాళ్లూ, కోయొద్దనేవాళ్లూ చెప్పండి.

కత్తిరింపు
కోసేయండి. 2.86 పిచ్‌లో లగ్గులు దగ్గర దగ్గరగా ఉంటాయి, తడి మంచు వాటి మధ్య గట్టిగా కూరుకుపోతుంది. ఇక ట్రాక్ నున్నగా తిరగడమే తప్ప పట్టేదేమీ ఉండదు. కంపెనీలు పిచ్‌ని 3కీ, ఆ తర్వాత 3.5కీ ఎందుకు పెంచాయి? సందు కోసమే కదా. లెక్క చూడండి: 2.86 పిచ్‌లో 163 ట్రాక్‌కి 57 వరుసలు. 3.5 పిచ్‌లో దాదాపు అంతే పొడవుకి 47. పది వరుసలు మాయం. మనం కత్తితో చేసేదీ అదే. నేను అంచు లగ్గుల్ని కూడా కొంచెం తగ్గించాను, స్లెడ్‌ని పక్కకి వాల్చడం తేలికైంది.

గ్రీజుచేతులు
కత్తిరింపు గారూ, లెక్కలో సగం వదిలేశారు. పిచ్ పెరిగితే వరుసతో పాటు ట్రాక్‌లో అడ్డంగా ఉండే దాని కడ్డీ, దాని క్లిప్పులు కూడా పోతాయి. కత్తితో కోస్తే పోయేది పైన ఉన్న రబ్బరు ఒక్కటే. పైగా 3.5 పిచ్ పర్వత ట్రాక్‌లో లగ్గులు తక్కువైనా ఒక్కోటి 3 అంగుళాల దాకా ఉంటుంది. ఈయన ట్రాక్‌లో సగం కోస్తే మిగిలేవి మళ్లీ 2 అంగుళాలవే. తెడ్లు తగ్గాయి, లోతు పెరగలేదు. మీరు చెప్పింది తడి మంచు రోగం. ఈయనది పొడిమంచు రోగం, అక్కడ లగ్గుకి పట్టు అందకే ట్రాక్ తవ్వుకుంటోంది. మందు వేరు.

ఇంకొకటి. పక్కపక్క లగ్గులు ఒకదానికొకటి ఆసరా. పక్కది పోయాక మిగిలినదాని మీద భారం పెరిగి మొదట్లో చిరుగుతుంది. గట్టి దారి మీద ఇంకా త్వరగా. కోసింది మళ్లీ మొలవదు.

కత్తిరింపు
అంచుల సంగతి దాటేశారు. స్కీ-డూ కంపెనీ ఫ్లెక్స్‌ఎడ్జ్ ట్రాక్‌లో అంచులు మెత్తగా వంగేలా ఫ్యాక్టరీయే చేసింది. వాళ్లు చేస్తే ఇంజినీరింగ్, నేను చేస్తే నేరమా?

గ్రీజుచేతులు
అందులో కడ్డీలని అంచు దాకా రాకుండా ఆపారు. లగ్గు అలాగే ఉంది, దాని కింద బట్ట వంగుతుంది. అడ్డవాలులో పోయేటప్పుడు స్లెడ్ జారకుండా పట్టేది ఆ అంచు లగ్గే. మీరు కోసింది దాన్నే. వాల్చడం తేలికైంది నిజమే, వాల్చాక నిలవడం ఎలా ఉందో కూడా చెప్పండి.

చలిపులి
కోత గొడవ పక్కన పెట్టండి. 163×3 వేసేయండి అన్నా, ఆలోచన ఎందుకు? పొడవుంటే తేలుతుంది, ఎత్తుంటే పడుతుంది. టర్బో లేదని భయపడొద్దు. స్కీ-డూ వాళ్ల 2015 మోడల్ సమ్మిట్ టీ3 స్లెడ్ టర్బో లేకుండానే 3 అంగుళాల లగ్గుతో ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. టూ-స్ట్రోక్ ఇంజిన్‌కి ఫ్యాక్టరీ టర్బో ఆ తర్వాత ఎప్పటికో, స్కీ-డూలో 2020 మోడల్‌కి, పొలారిస్ కంపెనీలో 2022 మోడల్‌కి వచ్చింది.

గ్రీజుచేతులు
టీ3 టన్నెల్ (ట్రాక్ పైన కప్పులా ఉండే గూడు), ట్రాక్‌ని తిప్పే దాని డ్రైవ్ స్ప్రాకెట్లు ఆ ట్రాక్ కోసమే తయారైనవి. ఈయన టన్నెల్ 2 అంగుళాల లగ్గు కోసం చేసింది. అసలు పడుతుందా లేదా అన్నది తేలకుండా 163×3 గురించి మాట్లాడి లాభం లేదు.

ఈ స్లెడ్‌లో 8 పళ్ల డ్రైవ్ స్ప్రాకెట్లు ఉన్నాయనుకుందాం. 2.86 పిచ్‌కి చుట్టుకొలత 22.88 అంగుళాలు, అంటే వ్యాసం సుమారు 7.3. వాటిని తీసి 7 పళ్లవి వేస్తే చుట్టుకొలత 20.02, వ్యాసం 6.4 దగ్గర. వ్యాసం 0.9 తగ్గినా పైవైపు దొరికే జాగా అందులో సగమే, 0.45 అంగుళం. లగ్గు ఒక అంగుళం పెరుగుతోంది. మిగతా అర అంగుళానికి పైగా ఎక్కడినుంచి తెస్తారు? ఇరుసునే కిందికి జరపాలి, అంటే చెయిన్‌కేస్ (ఇంజిన్ శక్తిని ఇరుసుకి చేర్చే చెయిన్ పెట్టె) పని. పైగా ఆ పాత ట్రాక్ పిచ్ 3 అయినా, 3.5 అయినా ఈ స్ప్రాకెట్లు దానికి పనికే రావు. లోతుమంచు గారు పిచ్ రాయలేదు, అమ్మే ఆయన చెప్పి ఉండడు.

పొడవు కూడా ఊరికే రాదు. ట్రాక్ చుట్టు 9 అంగుళాలు పెరిగితే సగం పైన, సగం కింద. నేల మీదికి చేరేది నాలుగున్నర, వెడల్పు 15తో గుణిస్తే 67 చదరపు అంగుళాల చిల్లర. మంచి లాభమే, కాదనను. కానీ ఆ నాలుగున్నర అంగుళాలని వెనక ఇరుసు బిగింపు బోల్టు సర్దలేదు, ట్రాక్ జారే రెయిళ్లు పొడిగించాలి. టన్నెల్ వెనక భాగం కూడా.

చలిపులి
చిన్న స్ప్రాకెట్ వేస్తే గేరింగ్ కూడా తగ్గుతుంది కదా, లోతు మంచులో అది మంచిదే. ఆ లాభం చెప్పలేదు.

గ్రీజుచేతులు
ఒప్పుకుంటాను. ఎనిమిదో వంతు తగ్గుతుంది, ఎక్కడానికి హాయి. గరిష్ఠ వేగం కూడా అంతే పడుతుంది. స్పీడోమీటర్ ఇరుసు తిరుగుళ్లు లెక్కపెట్టేది కాబట్టి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. కొందరికి ఆ అబద్ధం నచ్చుతుంది కూడా!

పారగాడు
ట్రాక్ జోలికి పోకముందు డబ్బు ఖర్చు లేని పని ఒకటి చేయండి. "స్కీలు ఆకాశం చూస్తాయి" అన్నారు. ముందు లిమిటర్ స్ట్రాప్ (ట్రాక్ సస్పెన్షన్ ముందు భాగం ఎంత సాగాలో ఆపే పట్టీ) ఒక రంధ్రం బిగించండి. ముక్కు లేవడం తగ్గుతుంది, ముక్కు లేవకపోతే వెనక భాగం అంత తవ్వదు. నచ్చకపోతే విప్పేయొచ్చు, కోత అలా కాదు.

బయల్దేరేటప్పుడు థ్రాటిల్ ఒక్కసారి మొత్తం నొక్కితే ఏ ట్రాకైనా గొయ్యే తవ్వుతుంది. దిగి, స్కీల ముందూ ట్రాక్ ముందూ మంచుని కాళ్లతో తొక్కి గట్టిపరచండి, వాలు కిందికి తిప్పుకుని మెల్లగా కదలండి. కదిలాక గ్యాస్ ఇవ్వండి. ఆగేటప్పుడే వాలు కిందికి ముఖం పెట్టి ఆగితే పారతో పని సగం తగ్గుతుంది. ఇక్కడ వాదించుకుంటున్న వాళ్లలో ఎంతమంది అలా ఆగుతారో నాకు అనుమానమే.

నిప్పుమంచు
ట్రాక్‌కి రంధ్రాలు చేస్తే? లోపలి మంచు బయటికి పోతుంది, బరువూ తగ్గుతుంది. పాత రేసుల్లో చేసేవారు.

గ్రీజుచేతులు
రేసు ట్రాక్‌కి ఎక్కువ రోజుల బతుకు అక్కర్లేదు. రబ్బరు మధ్యలో ఉన్న దారాల పొర తెగితే అంచునుంచి నీరు ఎక్కుతుంది, చిరుగు అక్కడే మొదలవుతుంది. ఫ్యాక్టరీ రంధ్రాలతో వచ్చిన ట్రాక్ అయితే వేరే మాట.

పారగాడు
ఎత్తు లగ్గు గురించి ఇంకొకటి. లోతుమంచు గారూ, మీరు మంచు మైదానానికి చేరేలోపు గట్టి దారి ఎంతసేపు? 3 అంగుళాల లగ్గుతో గట్టి దారి మీద వేగంగా పోతే లగ్గులు మడతపడుతూ వేడెక్కి ముక్కలు ఊడతాయి. ఎగిరే పొడి లేకపోతే ఇంజిన్ వేడిని మంచుకి వదిలే హీట్ ఎక్స్ఛేంజర్‌కి చల్లదనం అందదు, స్లైడ్ రెయిల్ ప్లాస్టిక్ కరుగుతుంది. మంచు గీరే స్క్రాచర్లు పెట్టుకున్నా మెల్లగానే పోవాలి.

లోతుమంచు
గట్టి దారి చాలాసేపే ఉంటుంది. పిచ్ అడిగితే ఆయన "చూసి చెబుతా" అన్నాడు. అంటే అర్థమైంది.

నిన్న సాయంత్రం స్లెడ్‌ని పక్కకి పడుకోబెట్టి కొలిచాను. 8 పళ్ల స్ప్రాకెట్లే. స్ప్రాకెట్ పైన లగ్గు కొసకీ ముందు హీట్ ఎక్స్ఛేంజర్‌కీ మధ్య 1.1 అంగుళం.

గ్రీజుచేతులు
అయితే 3 అంగుళాలు ఇప్పుడున్న స్ప్రాకెట్ల మీద లేనట్టే. వేగంలో ట్రాక్ బయటికి ఉబ్బుతుంది, మిగిలే 0.1 అంగుళం దానికి చాలదు, ఎక్స్ఛేంజర్ చీరుకుపోతుంది. 154 పొడవులోనే 2.5 లగ్గు, 2.86 పిచ్ వెతకండి. 0.6 మిగులుతుంది. 7 పళ్ల స్ప్రాకెట్లు కూడా వేస్తే అంగుళం దాటుతుంది. రెయిళ్లు, టన్నెల్ ముట్టుకోనక్కర్లేదు.

ఎత్తు లగ్గు ఇంజిన్ నుంచి ఎక్కువ లాగుతుంది, క్లచ్ బరువులు కొంచెం తగ్గించాలి. టర్బో లేని ఇంజిన్ ప్రతి 1000 అడుగులకీ సుమారు 3 శాతం శక్తి పోగొట్టుకుంటుంది. 8000 అడుగుల మీద నాలుగో వంతు పోయినట్టే. ఫుల్ థ్రాటిల్‌లో ఇంజిన్ చేరాల్సిన ఆర్‌పీఎం చేరుతోందా లేదా అన్నది అక్కడే చూడండి, ఇంటి ముందు కాదు.

చలిపులి
2.5తో తృప్తి పడమంటారా? తొడల లోతు అన్నారు ఆయన.

గ్రీజుచేతులు
2 నుంచి 2.5 అంటే లగ్గు ఎత్తు నాలుగో వంతు పెరగడం. తొడల లోతులో 163×3 కంటే వెనకబడుతుంది, ఖాయం. కానీ ఆయన దారిలో సగం గట్టి మంచు, ఇంజిన్ మామూలుది, టన్నెల్ చిన్నది. ఆయన స్లెడ్‌కి చెబుతున్నాను, మీ స్లెడ్‌కి కాదు.

పారగాడు
కొత్త ట్రాక్ వచ్చాక ఇదివరకు ఎక్కని వాలు ఎక్కుతారు. హిమపాతాలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లోనే జారతాయి. ట్రాన్సీవర్ (మంచు కింద పడ్డవాళ్లని వెతికే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కర్ర), పార మూడింటికి మూడూ ఒంటి మీదే పెట్టుకోండి, స్లెడ్ సంచిలో కాదు.

లోతుమంచు
స్ట్రాప్ ఒక రంధ్రం బిగించాను, 2.5 ట్రాక్ వెతుకుతున్నాను. స్ప్రాకెట్ల సంగతి ట్రాక్ దొరికాక. క్లచ్ బరువులు ఎంత తగ్గించాలో అప్పుడు మళ్లీ అడుగుతాను గ్రీజుచేతులు గారూ.

కత్తిరింపు
పాత ట్రాక్ పారేయకండి, నాకివ్వండి. వరుస విడిచి వరుస కోసి, తడి మంచు పడ్డ రోజున మీ 2.5 పక్కనే నడుపుతాను. అప్పుడు మాట్లాడుకుందాం.