అప్‌డేట్: బార్‌క్లీని వదులుకున్న జెయింట్స్‌కు చివరికి దక్కినదేమిటి

2024 మార్చిలో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లోని న్యూయార్క్ జెయింట్స్ జట్టు తన రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తే ఆటగాడు) సేక్వాన్ బార్‌క్లీని ఫ్రీ ఏజెన్సీలో, అంటే ఒప్పందం ముగిసిన ఆటగాడు నచ్చిన జట్టులో చేరే పద్ధతిలో, ఫిలడెల్ఫియా ఈగల్స్‌కు పోనిచ్చినప్పుడు, అంతటి ఆటగాడిని ఊరికే ఎలా వదులుకుంటారని నేను అడిగాను. కాంపెన్సేటరీ పిక్, అంటే కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో పరిహారంగా ఒక అదనపు అవకాశం, వస్తుందని, తొందరపడవద్దని మీలో కొందరు చెప్పారు.

మీ మాట సగమే నిజమైంది. జట్టును విడిచిన వారినీ, కొత్తగా చేరిన వారినీ, వారి జీతాలనూ, ఆడిన సమయాన్నీ బేరీజు వేసి లీగ్ ఇచ్చే ఆ అదనపు పిక్‌లు 2025 డ్రాఫ్ట్‌లో జెయింట్స్‌కు ఒకటే దక్కింది: గ్రీన్ బేకు వెళ్లిన సేఫ్టీ (రక్షణలో చివరి వరుస ఆటగాడు) జేవియర్ మెకిన్నీకి బదులుగా 99వది. బార్‌క్లీకి బదులుగా ఏదీ రాలేదు. అదే మార్చిలో వచ్చిన డిఫెన్స్ ఆటగాడు బ్రయన్ బర్న్స్‌ను ట్రేడ్ (జట్ల మధ్య మార్పిడి) ద్వారా తెచ్చుకున్నందున అతడు ఈ లెక్కలోకి రాలేదు. ఈ కిటుకు నాకు అప్పట్లో తెలియదు. 99వ పిక్‌ను క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపి బంతి విసిరే ఆటగాడు) జాక్సన్ డార్ట్ కోసం హ్యూస్టన్ జట్టుకు ఇచ్చిన వాటిలో కలిపారు.

అయినా 2024 అక్టోబర్ 20న జెయింట్స్ సొంత మైదానం మెట్‌లైఫ్ స్టేడియంలో, మనకు అలవాటైన బార్‌క్లీ అదే 26వ నంబరు ఈసారి ఈగల్స్ ఆకుపచ్చ అంచులతో 176 గజాలు పరుగెడుతుంటే, పక్క సీటులోని పెద్దాయన తిట్టడం మానేసి వేరుశెనగ పొట్లం మడిచి జేబులో పెట్టుకోవడం నేను చూశాను. ఆ సీజన్‌లో బార్‌క్లీ 2,005 గజాలు పరుగెత్తి, తన 28వ పుట్టినరోజునే లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచాడు. జెయింట్స్ 17 మ్యాచ్‌లలో గెలిచినవి 3.

జెయింట్స్ బలహీనమైన లైన్ (అతడికి దారి చేసే ముందు వరుస) వెనుక అతడున్నా పెద్దగా ఒరిగేది కాదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆ సీజన్‌లో ఎనిమిది ఇంటర్‌సెప్షన్లు చేసిన (ప్రత్యర్థి విసిరిన బంతిని మధ్యలోనే పట్టుకున్న) మెకిన్నీని వదులుకోవడంపై మాత్రం నాకు అభ్యంతరం ఉంది.