6 అడుగుల చేపల ట్యాంకుకు థర్మోకోల్-సిమెంటు బ్యాక్‌గ్రౌండ్ చేయించవచ్చా?

కొత్త_ట్యాంకు: హాల్లో 6×2×2 అడుగుల ట్యాంకు పెడుతున్నాను. వెనక అద్దానికి రాతిగోడలా కనిపించే 3డి బ్యాక్‌గ్రౌండ్ కావాలి. థర్మోకోల్ చెక్కించి సిమెంటు పూత వేయించనా, రెడీమేడ్‌ది కొననా? డిస్కస్ చేపలు వేయాలని ఉంది. వచ్చే నెల గృహప్రవేశం, అప్పటికి చేపలు తిరుగుతుంటే బాగుంటుంది.

రాతిగోడ_మేస్త్రి: నేను చేసే పనే ఇది. థర్మోకోలే మేలు, ఏ ఆకారం కావాలంటే అది వస్తుంది. కత్తితో చెక్కి, హీట్ గన్ చూపిస్తే పగుళ్లు అచ్చం రాయిలా వస్తాయి. మొదటి పూత సిమెంటు పాలలా పల్చగా, తర్వాతవి చిక్కగా, రంగు చివరి పూతలో కలపాలి. ఎండకు పెట్టకుండా తడిగుడ్డ కప్పి ఉంచండి. అసలు జాగ్రత్త అతికించడంలో ఉంది. 2 అంగుళాల మందంతో వెనకంతా కప్పితే 2 ఘనపుటడుగులు, అంటే 56 లీటర్లు. నీళ్లు పోయగానే అది 50 కిలోలకు పైగా బలంతో పైకి లేస్తుంది. సిలికాన్ సరిగా పట్టకపోతే ఊడి వచ్చేస్తుంది. బూజు పట్టని బాత్రూమ్ సిలికాన్ వాడొద్దు, అందులో మందు ఉంటుంది.

డిస్కస్_అభిమాని: డిస్కస్‌కు సిమెంటా? సిమెంటులోని సున్నం నీళ్లలోకి దిగి పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల-క్షార కొలత, పెరుగుతుంది. డిస్కస్‌కు 6, 7 మధ్య ఉండాలి. డబ్బు పోసి చేయించుకున్నాను, వారం తిరక్కుండా చేపలు పక్కకు ఒరిగి ఒక్కొక్కటే పోయాయి. చేసినాయన ఆ తర్వాత ఫోనెత్తలేదు.

మలావీ_మావయ్య: మలావీ చేపలు వేసుకో తమ్ముడూ. వాటికి 8 దాటినా ఇబ్బంది లేదు.

రాతిగోడ_మేస్త్రి: పీహెచ్ ఎంత చూపించిందో చెప్పండి ముందు. పోసింది బోరు నీళ్లా? చేపలు వేసే ముందు ఎన్నిసార్లు మార్చారు?

డిస్కస్_అభిమాని: బోరు నీళ్లే. అవే నీళ్లలో పాత ట్యాంకులో చేపలు హాయిగా ఉన్నాయి.

రాతిగోడ_మేస్త్రి: పీహెచ్ చెప్పలేదు.

గాజుపెట్టె: వెనక సందు వదలొద్దు. మా ఇంట్లో చిన్న చేప దూరి అక్కడే చచ్చింది, కంపు కొట్టాక గానీ తెలియలేదు.

డిస్కస్_అభిమాని: 9 దగ్గర చూపించింది, చాలా? చచ్చిపోయిన వాటికి లెక్క అడుగుతారేంటి మీరు?

రాతిగోడ_మేస్త్రి: 9 అంటే సిమెంటు నానలేదని. నీళ్లు నింపి, మార్చి, మళ్లీ నింపి, పీహెచ్ మీ కుళాయి నీళ్లతో సమానమయ్యేదాకా వారాల తరబడి ఆగాలి. ఎవరాగుతారు? ఫంక్షన్ ఉంది, చుట్టాలొస్తున్నారు అని నెత్తిన కూర్చుంటారు. తర్వాత చేప చస్తే పేరు పోయేది మాది.

డిస్కస్_అభిమాని: మా అమ్మాయి ఓణీల ఫంక్షన్ అని చెప్పిన మాట నిజమే. కానీ సిమెంటు నానాలని నాకేం తెలుసు? తెలిసింది ఆయనకు. ఆ తేదీకి కుదరదు అని ఒక్క మాట చెప్పి అడ్వాన్సు తిరిగిచ్చేయాల్సింది. తీసుకున్నాక బాధ్యత ఆయనదే.

రాతిగోడ_మేస్త్రి: నేను వద్దంటే పక్కవాడు చేసిపెడతాడు. ఆ అడ్వాన్సుతోనే మా ఇంట్లో బియ్యం వస్తాయి. ఆగమని చెప్తాను, వినకపోతే చేపల పూచీ నాది కాదు.

డిస్కస్_అభిమాని: చెప్పి చేయడం వేరు, చెప్పకుండా చేయడం వేరు. నాకు చెప్పలేదు.

రాతిగోడ_మేస్త్రి: చెప్పకపోతే తప్పే. కానీ చెప్పినా వినని వాళ్ల సంగతి కూడా మాట్లాడండి.

కొత్త_ట్యాంకు: ఇద్దరికీ థాంక్స్. గృహప్రవేశానికి ట్యాంకులో నీళ్లూ లైటూ మాత్రమే ఉంచుతాను. చేపలు పీహెచ్ దిగాకే.

గాజుపెట్టె: పైన అద్దం అడ్డుపట్టీ ఉందా? ఉంటే మూడు ముక్కలుగా చేయించండి. ఒకే ముక్క లోపలికి దిగదు.