సిలికాన్ నానోవైర్ రామన్ పీక్ కిందికి జరిగింది: సైజు వల్లా, వేడి వల్లా?

ప్రశ్న:
గాజు పలక మీద విడిగా ఉన్న 60 నానోమీటర్ల సిలికాన్ వైరుకు 532 నానోమీటర్ల లేజర్‌తో రామన్ (చెదిరిన కాంతిలో వచ్చే శక్తి మార్పును కొలిచే పద్ధతి) తీస్తున్నాను. 100ఎక్స్ ఆబ్జెక్టివ్, శాంపిల్ మీద 2 మిల్లీవాట్లు. 520 వేవ్‌నంబర్లు (సెం.మీ⁻¹, రామన్ షిఫ్ట్ కొలిచే యూనిట్) దాటి రావాల్సిన పీక్ 516 దగ్గర వస్తోంది, ఎడమవైపు తోక సాగింది. ఫోనాన్ కన్‌ఫైన్‌మెంట్ (సైజు మరీ చిన్నదై స్ఫటిక కంపనాలు ఇరుక్కోవడం) అనుకోవచ్చా?

జవాబు:
కాదండీ, కన్‌ఫైన్‌మెంట్ 10 నానోమీటర్ల లోపు మందాల్లోనే ఇంత గట్టిగా కనిపిస్తుంది. ఇది వేడే. సిలికాన్ పీక్ డిగ్రీకి దాదాపు 0.022 వేవ్‌నంబర్లు దిగుతుంది, అంటే మీ వైరు సుమారు 200 డిగ్రీలు వేడెక్కింది. గాజుకు వైరు సన్నని గీతలా మాత్రమే ఆని ఉంటుంది, పైగా గాజు వేడిని సరిగా లాగదు. లేజర్ స్పాట్ మధ్యలో ఎక్కువ వేడి, అంచుల్లో తక్కువ. ఆ సిగ్నళ్లన్నీ కలిసే తోక వస్తుంది.

అదే చోట 2, 1, 0.5, 0.2, 0.1 మిల్లీవాట్ల దగ్గర తీయండి. పవర్ తగ్గేకొద్దీ ఎక్స్‌పోజర్ పెంచండి. పీక్ స్థానాన్ని సున్నా పవర్ దాకా గీత పొడిగించి చదవండి, లేజర్ వేడి లేనప్పటి స్థానం అదే. చివర్లో మళ్లీ 2కి వెళ్లండి. మొదటి విలువే రాకపోతే ఫోకస్ జరిగిందో, వైరు పాడైందో చూడాలి.

ఇంకో జవాబు:
పవర్‌ను ఎన్‌డీ ఫిల్టర్లతోనే (రంగు మార్చకుండా కాంతిని తగ్గించే గాజు ఫిల్టర్లు) తగ్గించండి. లేజర్ డయోడ్ కరెంటు తగ్గిస్తే లేజర్ తరంగదైర్ఘ్యమే కదిలి, లేని షిఫ్ట్ కనిపించవచ్చు. పోలరైజేషన్ కూడా రాసుకోండి: వైరుకు సమాంతరంగా ఉంటే శోషణ బాగా ఎక్కువ, 90 డిగ్రీలు తిప్పితే వేడి తగ్గుతుంది. యాంటీ-స్టోక్స్ (లేజర్ కంటే ఎక్కువ శక్తితో చెదిరే కాంతి; తక్కువ శక్తిది స్టోక్స్) కూడా తీయగలిగితే మేలు. ఈ రెంటి మధ్య ఉష్ణోగ్రతను బట్టి మారే బోల్ట్జ్‌మన్ నిష్పత్తి 300 కెల్విన్ దగ్గర 0.08, 500 దగ్గర 0.22, తేడా దాగదు. కాకపోతే వైరు ఆప్టికల్ రెజొనెన్స్ (కొన్ని తరంగదైర్ఘ్యాల కాంతినే వైరు ఎక్కువగా పట్టుకోవడం) ఆ నిష్పత్తిని మార్చేస్తుంది, ముందు తక్కువ పవర్‌లో కాలిబ్రేట్ చేయండి.